ఇంటర్ అయ్యాక పిల్లల్ని వడపోసే జల్లెడ ఏ దేశంలో ఎక్కడుంది?

ఇంటర్ ఫలితాలు వచ్చిన నెలలో ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాలన్నీ ఒకే రకం. ఏ బ్రాంచి తీసుకోవాలి, ఏ కాలేజీలో చేరాలి, అంతే. ఈసారి మాత్రం సగానికి పైగా విదేశాల గురించే ఉన్నాయి, అదీ ఎం.ఎస్. గురించి కాదు, ఇంటర్ కాగానే డిగ్రీకి పంపడం గురించి, లేదంటే అక్కడే బడిలో చదువుతున్న పిల్లల గురించి. 27 ఏళ్లు ఇంటర్‌కి లెక్కలు చెప్పిన మనిషిని. అమ్మాయి టెక్సాస్‌లో, అబ్బాయి జర్మనీలో ఉండబట్టి అక్కడి కాలేజీల గుమ్మాలు కొంచెం తిరిగాను. వీసా లాయర్ని మాత్రం కాను, ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి.

*మా అబ్బాయికి ఎంపీసీలో 1000కి 951 వచ్చాయి. జేఈఈ మెయిన్స్‌లో 91 పర్సంటైల్, అడ్వాన్స్‌డ్ రాసే అర్హత రాలేదు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు జర్మనీలో ఇంజనీరింగ్ ఫ్రీ, మూడున్నర లక్షలు కడితే సెప్టెంబరుకల్లా పంపించేస్తాం అంటున్నారు. నమ్మొచ్చా?*
*– ఒక తల్లి, కరీంనగర్*

అమ్మా, "ఫ్రీ" అన్న మాటలో సగం నిజం ఉంది. నాకు అనుమానం వచ్చింది "సెప్టెంబరుకల్లా" అన్న మాట దగ్గర.

ముందు డబ్బు సంగతి. అక్కడ చాలావరకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరుకి ఒకటి నుంచి మూడు నాలుగు వందల యూరోల దాకా ఏదో రుసుము ఉంటుంది. కానీ స్టుట్‌గార్ట్, హైడెల్‌బెర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనలాంటి బయటి దేశాలవాళ్ల దగ్గర సెమిస్టరుకి 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి బ్యాచిలర్స్‌కి సెమిస్టరుకి 2,000 నుంచి 3,000 పెట్టింది. ఇవి కాక వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చుకి 11,904 యూరోలు ముందే వేసి చూపించాలి. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, నెలకి 992 చొప్పున మీ వాడికే వస్తుంది. కానీ ముందు మీ చేతిలో ఉండాలి కదా. ఫ్రీ అన్న పెద్దమనిషి ఈ లెక్క చెప్పాడో లేదో ఒకసారి గుర్తుచేసుకోండి.

ఇక సీటు. మనం ఏ దేశం గురించి విన్నా మొదట అడిగేది "అక్కడ ఎంట్రన్స్ ఏది?" అని. జర్మనీలో ఎంసెట్ లాంటిది లేదు. ఎంట్రన్స్ లేదంటే జల్లెడ లేదని కాదు, వేరే చోట పెట్టారు. చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అవగానే పిల్లల్ని వేర్వేరు బడులకి పంపించేస్తారు, అంటే పదేళ్ల వయసులో. అందులో గిమ్నాజియం అనే బడికి వెళ్లినవాళ్లు 12 లేదా 13 ఏళ్లు చదివి ఆబిటూర్ అనే పరీక్ష పాసవుతారు. ఆబిటూర్ ఉంటే యూనివర్సిటీలో చేరే హక్కు వచ్చినట్టే, మెడిసిన్ లాంటి గిరాకీ కోర్సుల్లో మాత్రం మార్కులు చూసి తీసుకుంటారు.

మన ఇంటర్‌ని వాళ్లు ఆబిటూర్‌తో సమానంగా లెక్కపెట్టరు. 951 అయినా 991 అయినా అంతే. కాబట్టి మన పిల్లలకి మామూలుగా మూడు దారులు. అడ్వాన్స్‌డ్ పాసైతే ఇంజనీరింగ్, సైన్స్ కోర్సులకి నేరుగా అప్లై చేయొచ్చు. లేదా ఇక్కడే గుర్తింపున్న యూనివర్సిటీలో డిగ్రీ మొదటి ఏడాది శుభ్రంగా పాసై, అదే సబ్జెక్టులో అప్లై చేసుకోవచ్చు. ఈ రెండూ కాకపోతే స్టూడియెన్‌కొలెగ్ అని ఏడాది కోర్సు, దానికే ఒక ప్రవేశ పరీక్ష ఉంటుంది, జర్మన్ భాషలో, లెక్కల్లో. ఏ దారిలో వెళ్లినా 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, అంటే మన సర్టిఫికెట్లు నిజమైనవే అని ఢిల్లీలో ఉన్న వాళ్ల ఆఫీసు తేల్చి ఇచ్చే కాగితం. పైగా ప్రభుత్వ యూనివర్సిటీల్లో బ్యాచిలర్స్ ఎక్కువ భాగం జర్మన్‌లోనే చెబుతారు. చలికాలపు సెమిస్టరుకి చాలాచోట్ల జులై 15తో అప్లికేషన్లు ఆగిపోతాయి. ఇప్పుడు చెప్పండి, ఏపీఎస్ లేకుండా, జర్మన్ ఒక్క ముక్క రాకుండా సెప్టెంబరుకి ఎలా పంపుతారు? నా ఊహ ఏమిటంటే వాళ్లు చూపించేది ఇంగ్లిష్‌లో చెప్పే ఏదో ప్రైవేటు యూనివర్సిటీ అయి ఉంటుంది. వాటిలో ఏడాదికి వేల యూరోల ఫీజు ఉంటుంది. యూనివర్సిటీ పేరు కాగితం మీద రాసివ్వమనండి, అప్పుడు తెలుస్తుంది.

ఇంకొక్క మాట, ఇది ఎవరూ చెప్పరు. అక్కడి రెండో జల్లెడ చేరిన తర్వాత ఉంటుంది. మా అబ్బాయి అక్కడ మాస్టర్స్ చేస్తూ మొదటి ఏడాది పిల్లల లెక్కల పేపర్లు దిద్దేవాడు. వారానికో షీటు ఇస్తారు, నాలుగైదు లెక్కలుంటాయి. అన్ని షీట్లలో కలిపి సగం మార్కులు వస్తేనే చాలాచోట్ల ఫైనల్ పరీక్ష రాయనిస్తారు. ఒకసారి మన ఆంధ్రా కుర్రాడి షీటు దిద్దాడట, ఇంటర్ లెక్కల్లో 75కి 75 తెచ్చుకున్నవాడు, షీట్లో 20కి 3. ఫోన్లో చెబుతూ మావాడు నన్నే తిట్టినంత పని చేశాడు. "నాన్నా, అక్కడ అడిగింది లెక్క చెయ్యమని కాదు, ఇది ఎందుకు నిజమో నిరూపించమని. వాడు ఫార్ములా రాసి కింద రెండు గీతలు గీశాడు." ఏం చెబుతాను? ఏడు మార్కుల ప్రశ్నకి ఆన్సర్ బట్టీ పెట్టించి, చివర్లో డబ్బా కట్టమని నేర్పింది నాలాంటివాళ్లమే. అక్కడ ఒక పరీక్ష మామూలుగా మూడుసార్లు రాయనిస్తారు, మూడోసారీ పోతే ఆ కోర్సు నుంచి పంపించేస్తారు, వేరే యూనివర్సిటీకి వెళ్లి అదే కోర్సు మళ్లీ మొదలుపెడదామన్నా కుదరదు.

నన్నడిగితే ఈ ఏడాది బాబుని ఇక్కడే బీటెక్‌లో చేర్చండి. సాయంత్రాలు జర్మన్ నేర్చుకోమనండి, ఒక్క బ్యాక్‌లాగ్ లేకుండా మొదటి ఏడాది పూర్తి చెయ్యమనండి. అప్పటికీ వెళ్లాలనిపిస్తే దారి తెరిచే ఉంటుంది, వెళ్లబుద్ధి కాకపోతే చేతిలో బీటెక్ ఉంటుంది. మూడున్నర లక్షలు మీ దగ్గరే ఉంటాయి.

*మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాది హెచ్-1బి వీసా, పాపది దాని మీద ఆధారపడ్డ హెచ్-4. ఇప్పుడు పదో గ్రేడ్. ఇక్కడ అసలు ఎంట్రన్స్ ఏదో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు. శాట్ ఒక్కటి గట్టిగా రాస్తే చాలదా? ఆర్కెస్ట్రా, డిబేట్ అంటూ వారాంతాలన్నీ పోతున్నాయి. మాన్పించేద్దామా?*
*– ఒక తండ్రి*

బాబూ, మీ పాప ఎంట్రన్స్ రాయడం ఎప్పుడో మొదలుపెట్టింది. తొమ్మిదో గ్రేడ్‌లో చేరిన మొదటి వారం నుంచి రాస్తూనే ఉంది. మనకేమో ఏడాదంతా ఎలా చదివినా ఒక మూడు గంటల్లో అంతా తేలిపోవాలి. వాళ్లకి నాలుగేళ్ల మార్కుల జాబితాయే పరీక్ష, అందులో తొమ్మిదో గ్రేడ్‌ బయాలజీలో వచ్చిన బి కూడా కనిపిస్తుంది.

టెక్సాస్‌లో దీనికి తోడు ఒక ప్రత్యేకమైన చట్టం ఉంది, మన తెలుగువాళ్లు అక్కడ అంతమంది ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1996లో ఒక కోర్టు తీర్పు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదు అంది. అప్పుడు వాళ్ల శాసనసభ 1997లో వేరే ఉపాయం పట్టుకుంది, రాష్ట్రంలో ఏ హైస్కూల్లో అయినా సరే పై పది శాతంలో ఉన్నవాళ్లకి ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం అని. సరిహద్దు ఊళ్లలోని పేద బడులకి కూడా వాటా దక్కాలని చేసిన ఏర్పాటది. మనవాళ్లు ఏం చేశారు? మంచి స్కూళ్లున్న చోటే ఇల్లు కొనాలని లక్ష డాలర్లు ఎక్కువ పెట్టి మరీ కొన్నారు. ఇప్పుడు అదే స్కూల్లో ప్రతి రెండో పిల్ల ఏపీ కోర్సులు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే బడిలోనే చెప్పే కాలేజీ స్థాయి పాఠాలు) ఏడెనిమిది తీసుకుంటోంది, ర్యాంకు దొరకడం లేదు. చట్టం ఎవరికోసం చేశారో వాళ్ల ఊళ్లో ఉంటే మీ పాప టాపర్! (మా అమ్మాయితో ఈ మాటంటే వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. వాళ్లు ఇల్లు కొన్నదీ ఆ చుట్టుపక్కలే.)

ఆస్టిన్‌లోని యూటీకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కి, పది శాతం కూడా కాదు. అందరూ అక్కడికే వస్తున్నారని వాళ్లకి పరిమితి పెట్టుకునే వెసులుబాటు ఇచ్చారు. కొన్నేళ్లు ఆరు శాతం ఉండేది, 2026లో చేరేవాళ్ల నుంచి ఐదు. ఇందులో మనవాళ్లు చూసుకోని మెలిక ఒకటుంది. సీటు ఖాయం అంటే యూనివర్సిటీలో ఖాయం, కంప్యూటర్ సైన్స్‌లో కాదు. ఆ కోర్సుకి మళ్లీ విడిగా చూస్తారు.

శాట్ వద్దనడం లేదు. యూటీ ఆస్టిన్ కోవిడ్ టైంలో తీసేసి, 2025లో చేరేవాళ్ల నుంచి మళ్లీ అడుగుతోంది. ఎంఐటీ అంతకుముందే 2022లో వెనక్కి తెచ్చింది. కాకపోతే 1600కి 1560 వచ్చినవాళ్లు వాళ్ల దగ్గర కుప్పలుగా ఉంటారు, దానితోటే ఎవరూ పిలిచి సీటివ్వరు. చాలా కాలేజీలకి కలిపి పెట్టే కామన్ యాప్ అనే దరఖాస్తులో పది కార్యకలాపాలు రాయడానికి చోటుంటుంది, 650 మాటల వ్యాసం ఒకటుంటుంది. నాలుగేళ్లు వయొలిన్ వాయించిన పిల్లకి రాయడానికి ఏదో ఉంటుంది. శని ఆదివారాలు శాట్ కోచింగ్‌లో కూర్చున్న పిల్ల ఏం రాస్తుంది, కోచింగ్ గురించా? కాబట్టి మాన్పించకండి. పాపకే విసుగొస్తే రెంటిలో ఒకటి తనే వదిలేస్తుంది. వ్యాసం మాత్రం మీరు రాయకండి, మీ బావమరిదితోనూ రాయించకండి, నలభై ఐదేళ్ల మనిషి రాసింది మొదటి పేరాలోనే వాసనొస్తుంది.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది, అదే అసలైనది. పాపకి 21 నిండగానే హెచ్-4 ఆగిపోతుంది. అంటే 18కి చేరితే మూడో ఏడాది మధ్యలో. ఈలోగా గ్రీన్‌కార్డు రాకపోతే, మన క్యూ సంగతి మీకు చెప్పక్కర్లేదు, విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి. ఫెడరల్ ఆర్థిక సాయం హెచ్-4కీ లేదు, ఎఫ్-1కీ లేదు. టెక్సాస్ వాళ్లకిచ్చే తక్కువ ఫీజు వీసా మారాక కూడా కొనసాగుతుందా అన్నది అప్లై చేసే ప్రతి కాలేజీని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచిపెట్టుకోండి. మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి మారడం కూడా మంచి దారే, ఖర్చు బాగా తగ్గుతుంది. మనవాళ్లు పరువు తక్కువ అనుకుంటారు కానీ డిగ్రీ కాగితం మీద చివర చదివిన యూనివర్సిటీ పేరే ఉంటుంది.

*నేను ఇంగ్లండ్‌లో నర్సుని, స్కిల్డ్ వర్కర్ వీసా మీద కుటుంబంతో వచ్చి మూడేళ్లు దాటింది. బాబు ఎ-లెవెల్స్ మొదటి ఏడాది. మూడే సబ్జెక్టులంటే మా అత్తగారు వీడు చదువు మానేశాడనుకుంటున్నారు. యూనివర్సిటీలో ఇక్కడివాళ్ల ఫీజే పడుతుందా?*
*– ఒక నర్సు*

అత్తగారికి చెప్పండి, మన ఇంటర్ లాంటి ఎ-లెవెల్స్‌లో అక్కడ అందరూ మామూలుగా మూడే చదువుతారు, కానీ లోతుగా. అక్కడి జల్లెడ 16 ఏళ్లకే పడిపోతుంది. ఎ-లెవెల్‌లో లెక్కలు తీసుకోకపోతే ఇంజనీరింగ్ తలుపు దాదాపు మూసుకున్నట్టే, కెమిస్ట్రీ లేకపోతే మెడిసిన్ చాలాచోట్ల అంతే. తర్వాత యూకాస్ అనే ఉమ్మడి అడ్మిషన్ల సంస్థ ద్వారా ఐదు చోట్లకి అప్లై చేస్తారు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి రెండింటికీ ఒకే ఏడాది చెయ్యకూడదు. మన దగ్గర రిజల్ట్ వచ్చాక సీటు, అక్కడ సీటు ముందు, రిజల్ట్ తర్వాత. టీచర్లు ఊహించిన గ్రేడ్లు చూసి "ఇన్ని వస్తే సీటు నీదే" అని ముందే ఆఫర్ ఇచ్చేస్తారు. ఆగస్టులో ఒక గురువారం పొద్దున్నే అసలు గ్రేడ్లు వస్తాయి, తగ్గినవాళ్లు ఆ రోజంతా క్లియరింగ్‌లో, అంటే మిగిలిపోయిన సీట్ల కోసం, యూనివర్సిటీలకి ఫోన్లు చేసుకుంటూ ఉంటారు.

ఫీజు దగ్గర జాగ్రత్త. ఇంగ్లండ్‌లో స్థానికుల ఫీజు 2025-26కి ఏడాదికి 9,535 పౌండ్ల దాకా. విదేశీ విద్యార్థి ఫీజు దానికి రెండింతలు, మూడింతలు కూడా ఉంటుంది. మూడేళ్లు ఉన్నాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు, అది సరిపోదు. కోర్సు మొదలయ్యే ఏడాది మొదటి రోజుకి, అంటే మామూలుగా సెప్టెంబరు 1కి, బాబు చేతిలో సెటిల్మెంట్ (శాశ్వత నివాస అనుమతి), అదే ఐఎల్‌ఆర్, ఉండాలి, దానికి తోడు మూడేళ్ల నివాసం ఉండాలి. డిపెండెంట్ వీసా మీద ఉంటే విదేశీ ఫీజే. మీ లెక్క ప్రకారం బాబు కాలేజీలో చేరేనాటికి సెటిల్మెంట్‌కి కావలసిన ఐదేళ్లు మీకు నిండడానికి కొన్ని నెలలు తక్కువ పడేట్టుంది. కొన్ని నెలల తేడాకి మూడేళ్లు విదేశీ ఫీజు కట్టడం కంటే, ఒక ఏడాది ఆగి చేరడం మేలు కదా! యూనివర్సిటీలు చాలావరకు ఏడాది వాయిదా ఒప్పుకుంటాయి, ఆ ఏడాది వాడు ఏదైనా పని చేసుకున్నా తప్పులేదు. ఐదేళ్ల నిబంధన మార్చే ప్రయత్నాలు నడుస్తున్నాయి కాబట్టి హోం ఆఫీసు ఏమంటోందో చూస్తూ ఉండండి. యూకేసీఐఎస్ఏ అనే సంస్థ వెబ్‌సైట్లో ఈ ఫీజు నిబంధనలు వివరంగా ఉంటాయి, ఒక ఆదివారం కూర్చుని చదవండి. స్కాట్లాండ్ లెక్క వేరు, డిగ్రీ కూడా అక్కడ నాలుగేళ్లు.

*దక్షిణ కొరియాలో ఇంటర్ పరీక్ష కోసం విమానాలు ఆపేస్తారని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా, లేక మామూలు వాట్సాప్ కథేనా?*
*– డిగ్రీ విద్యార్థి, రాజమండ్రి*

నిజమే! నవంబరులో ఒక గురువారం సునుంగ్ అనే పరీక్ష జరుగుతుంది, యూనివర్సిటీ ప్రవేశానికి. ఇంగ్లిష్ వినికిడి భాగం జరిగే ఒక 35 నిమిషాలు దేశమంతా విమానాలు దిగవు, ఎగరవు. ఆఫీసులు, స్టాక్ మార్కెట్ గంట ఆలస్యంగా తెరుస్తారు, రోడ్ల మీద రద్దీ లేకుండా. ఆలస్యమైన పిల్లల్ని పోలీసులే బండెక్కించి సెంటరుకి చేరుస్తారు. మన దగ్గర "నిమిషం ఆలస్యమైనా అనుమతించం" అని గేటు మూస్తే పిల్లలు బయట ఏడుస్తుంటారు, ఆ ఫొటో మర్నాడు పేపర్లో వస్తుంది. చైనాలో గావ్‌కావ్ ఇంకా పెద్దది, జూన్ 7న మొదలవుతుంది, 2024లో కోటీ 34 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో, 1966లో దాన్ని ఆపేసి 1977లో మళ్లీ పెట్టినప్పుడు పదకొండేళ్ల బ్యాచీల పిల్లలంతా ఒక్కసారే వచ్చి రాశారు, 57 లక్షల మంది. సీట్లు దొరికింది రెండు లక్షల 70 వేల మందికి.

*కువైట్‌లో అకౌంటెంట్‌గా చేస్తున్నాను, సొంతూరు కడప దగ్గర. అబ్బాయి ఇక్కడ సీబీఎస్‌ఈ పదకొండు. కోచింగ్ కోసం పన్నెండుకి విజయవాడ పంపేద్దామనుకుంటున్నాం.*
*– ఒక తండ్రి*

ఆగండి. ఎన్‌ఐటీల్లో విదేశాల్లో చదివిన పిల్లలకి డాసా అని విడిగా సీట్లుంటాయి, ఇప్పుడు అవి కూడా జేఈఈ మెయిన్ ర్యాంకు మీదే ఇస్తున్నారు. ఎన్‌ఆర్‌ఐ పిల్లలైతే ప్లస్ టూ బయటి దేశంలోనే పాసై ఉండాలి. ఒక్క ఏడాది కోసం విజయవాడ తెచ్చారంటే ఆ దారి మూసుకున్నట్టే. అందులోనే గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకి ఒక విభాగం ఉంది, డాసా మామూలు ఫీజు డాలర్లలో ఉంటుంది కానీ ఈ విభాగంలో చాలా తక్కువ. మెయిన్ రాయడానికి గల్ఫ్‌లోనే సెంటర్లు పెడుతున్నారు. ఐఐటీలకి డాసా లేదు, అడ్వాన్స్‌డ్ రాయాల్సిందే.

ఇక్కడి ఈఏపీసెట్ సంగతి, అందులో స్థానికుడు అనిపించుకోవాలంటే మామూలుగా వరసగా నాలుగేళ్లు రాష్ట్రంలో చదివి ఉండాలి. పన్నెండు ఒక్కటి ఇక్కడ చదివితే అదీ రాదు, ఇదీ పోతుంది. కోచింగ్ ఆన్‌లైన్‌లో చెప్పించండి. పదహారేళ్ల పిల్లాణ్ని చివరి ఏడాది తల్లిదండ్రుల నుంచి విడదీసి హాస్టల్లో పడెయ్యడం గురించి నాకు ఇంకో అభిప్రాయం కూడా ఉంది, అది కింది ఉత్తరంలో.

*సార్, ఇంటర్ రెండేళ్లు గుంటూరు దగ్గర హాస్టల్ కాలేజీలో చదివాను. ఇప్పుడు అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ మొదటి ఏడాది. కాల్‌క్యులస్ మొదటి మిడ్‌టర్మ్‌లో 100కి 41. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు, చదివావా అనరు, క్లాసుకి రాకపోతే కూడా అనరు. మొదటి నెల హాయిగా అనిపించింది, ఇప్పుడు భయంగా ఉంది. ఆ కోర్సు డ్రాప్ చేసేద్దామనుకుంటున్నా. ఇంట్లో చెప్పలేదు.*
*– పేరు వద్దు*

నాన్నా, నీ మెయిల్ అందిన రోజే జవాబు రాశాను, నువ్వు ఒప్పుకున్నావు కాబట్టి ఇక్కడ కూడా వేస్తున్నాను, నీలాంటివాళ్లు చాలామంది ఉన్నారు.

మొట్టమొదట డ్రాప్ బటన్ నొక్కకు. నీ వీసా ఎఫ్-1. సెమిస్టరుకి కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. నీకు ఇప్పుడు 13 ఉన్నాయన్నావు, కాల్‌క్యులస్ నాలుగు. అది తీసేస్తే తొమ్మిది. ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ అనే అధికారి ముందే ఒప్పుకోకుండా తొమ్మిదికి దిగితే నీ వీసా హోదాయే పోతుంది. 41 మార్కులు దిద్దుకోవచ్చు, అది దిద్దుకోవడం చాలా కష్టం.

ఇక భయం సంగతి. నువ్వు చదివినలాంటి కాలేజీలోనే నేనూ పాఠం చెప్పాను, కాబట్టి ఆ రెండేళ్లు ఎలా గడిచాయో నువ్వు చెప్పక్కర్లేదు. ఐదింటికి విజిల్, ఆరుకి స్టడీ అవర్, మైక్రో షెడ్యూల్‌లో ఏ గంటలో ఏ చాప్టరో రాసి గోడకి అంటించి ఉంటుంది, కునికితే ఫ్లోర్ ఇన్‌చార్జి వచ్చి భుజం తడతాడు (తట్టడమే అనుకుందాం). ఆదివారం టెస్టు, సోమవారం రాత్రికి మీ నాన్న ఫోనుకి మెసేజ్. ఈ రెండేళ్లలో "ఇప్పుడు ఏం చదవాలి?" అన్న ప్రశ్న నువ్వు ఒక్కసారి కూడా వేసుకోలేదు. తెలివి లేక కాదు, అవసరం రానివ్వలేదు. నీకు 41 రావడానికి కాల్‌క్యులస్ కారణం కాదు, ఆ డెరివేటివ్‌లు నువ్వు నిద్దట్లో చేస్తావు. మొదటి నెలంతా "ఇది మాకు ఇంటర్‌లో అయిపోయింది" అనుకుని ఉంటావు. అవునా? హోంవర్క్ ఆన్‌లైన్‌లో రాత్రి పదకొండూ యాభై తొమ్మిదికి మూసేస్తే రెండు మూడు పోగొట్టుకుని ఉంటావు.

కోర్సు మొదటి రోజు ఒక సిలబస్ కాగితం ఇచ్చి ఉంటారు. మన సిలబస్ అంటే పాఠాల జాబితా, అక్కడ అది దాదాపు ఒప్పందపత్రం. హోంవర్క్‌కి ఎంత శాతం, మిడ్‌టర్మ్‌లకి ఎంత, ఫైనల్‌కి ఎంత, అన్నీ ఉంటాయి. అది తీసి, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని, ఇప్పటినుంచి ఎంత తెచ్చుకుంటే సి వస్తుంది, ఎంతైతే బి వస్తుంది లెక్క వెయ్యి. ఈ మిడ్‌టర్మ్ 20 శాతమే అయితే నువ్వు అనుకున్నంత మునిగిపోలేదు. క్లాసు సగటు ఎంతో కూడా నువ్వు రాయలేదు. అది కనుక్కో, 41 ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు.

అదే కాగితంలో ఆఫీస్ అవర్స్ అని రాసి ఉంటుంది, వారానికి రెండు మూడు గంటలు. మనకి సార్ రూముకి పిలుపు వచ్చిందంటే ఏదో తప్పు చేసినట్టే. అందుకే మన పిల్లలు అటుపక్కకే వెళ్లరు. మా అమ్మాయి పనిచేసే యూనివర్సిటీకి వెళ్లినప్పుడు నేనే చూశాను. ఒక ప్రొఫెసరు తలుపు బార్లా తెరిచిపెట్టుకుని కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు, గంటసేపు ఒక్కళ్లూ రాలేదు. బయట కారిడార్ బెంచీ మీద మాత్రం ఒక తెలుగు కుర్రాడు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎందుకయ్యా లోపలికి వెళ్లవు అంటే "ఏం అడగాలో సరిగ్గా తయారై వెళ్దామని" అన్నాడు. తయారవక్కర్లేదు. మిడ్‌టర్మ్ పేపరు చేత్తో పట్టుకుని వెళ్లి "ఈ మూడో లెక్కలో నాకు మార్కులు ఎక్కడ పోయాయి?" అని అడుగు, మిగతాది ఆయనే మాట్లాడతాడు. సర్ సర్ అని లేచి నిలబడకు, ఆయన కంగారుపడతాడు. యూనివర్సిటీలో లెక్కల ట్యూటరింగ్ సెంటరు కూడా ఉంటుంది, దాని ఖర్చు చాలావరకు నువ్వు కట్టిన ఫీజులోనే కలిసి ఉంటుంది, అక్కడికీ వెళ్లు.

ఇంట్లో చెప్పే సంగతి. కాలేజీ నుంచి మీ నాన్నకి మెసేజ్ రాదు. అక్కడ 1974 నాటి చట్టం ఒకటుంది, నీ సంతకం లేకుండా నీ మార్కులు మామూలుగా ఇంట్లోవాళ్లకి చెప్పరు. అంటే చెప్పాల్సింది నువ్వే. సెమిస్టరు చివర్లో ట్రాన్స్‌క్రిప్టు చూపించి చెప్పడం కంటే ఇప్పుడు చెప్పడం తేలిక. ముందు ప్రొఫెసర్ని కలువు, క్లాసు సగటు తెలుసుకో, ఫైనల్‌కి ఎంత కావాలో లెక్క వేసుకో. ఆ తర్వాత ఫోన్ చెయ్యి, ముందు అమ్మకి. నాన్నకి చెప్పేటప్పుడు 41 వచ్చింది అని ఆపకు. 41 వచ్చింది, సగటు ఇంత, పాసవ్వడానికి ఇంకా ఇన్ని కావాలి, మంగళవారం సార్‌ని కలిశాను అని మొత్తం ఒకే గుక్కలో చెప్పెయ్యి, మధ్యలో ఆయన గట్టిగా ఊపిరి తీసుకునేలోపు.